ఆమె పేరు మీద ఆయన రక్తం

జగిత్యాలలో పదకొండేళ్లు, కోరుట్లలో తొమ్మిదేళ్లు, సిరిసిల్లలో పద్నాలుగేళ్లు. మొత్తం ముప్పై నాలుగేళ్లు జనాన్ని సూదులతో గుచ్చి బతికాను. ఇప్పుడు ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు కనబడితే, నరం దొరకని చేతిలో నరం ఎలా పట్టాలో చెప్పమంటారు. అది చెప్పడం తేలికే. నరం దాక్కుంటే వేలితో తడిమి పట్టుకోవచ్చు. మనిషే దాక్కుంటే ఏం చెయ్యాలో నాకు ఎవరూ చెప్పలేదు. యాభై ఆరేళ్ల వయసులో, అందరూ నన్ను సీనియర్ అని పిలుస్తున్న రోజుల్లో, ఆ పాఠం నేర్చుకున్నాను. నేర్చుకోవడానికి ఒక ఆడమనిషిని ఆపరేషన్ బల్ల దాకా పంపబోయాను.

సిరిసిల్లలో నేను చేసింది ఒక ప్రైవేటు ల్యాబులో. చిన్నదే. ముందు ఒక హాలు, గోడ పొడవునా బెంచీలు, ఒక కౌంటరు, వెనక గదిలో నేనూ నా సూదులూ. మామూలు పరీక్షలు మేమే చేసేవాళ్లం. హార్మోన్ల లాంటివి హైదరాబాద్ పంపితే మర్నాటికి కంప్యూటర్లో రిపోర్టు వచ్చేది. వచ్చిన రిపోర్టులన్నీ అచ్చు తీసి కౌంటరు మీద ఒక ప్లాస్టిక్ ట్రేలో పడేసేవాళ్లం. ఎవరికి వాళ్లు వచ్చి కాగితాలు తిరగేసి తమది తీసుకుపోయేవాళ్లు. తమది తీసుకుంటూ పక్కవాళ్లవి కూడా చదివేవాళ్లు. ఎవరికి షుగరుందో, ఎవరి కోడలు నీళ్లు పోసుకుందో మా ట్రే నుంచే బయటికి పోయేది. అది తప్పని ఒక్కనాడూ నాకు తోచలేదు, ఎందుకంటే జగిత్యాలలోనూ అంతే, కోరుట్లలోనూ అంతే.

ఒక బుధవారం పొద్దున, ల్యాబు తలుపులు తీసీ తీయగానే తంగళ్ళపల్లి నుంచి ఒకాయన వచ్చాడు. మరమగ్గాల కార్ఖానాలో పని. రాత్రి షిఫ్టు దిగి నేరుగా బండి మీద వచ్చినట్టున్నాడు, జుట్టు నిండా నూలు ధూళి. యాభై ఒక్కటి అని చెప్పాడు కానీ ఆ పూట చూస్తే అరవై అనిపించాడు. ఆయన భార్య మూడు రోజుల ముందే మా దగ్గర రక్తం ఇచ్చి పోయింది. ఆమెకు నలభై ఆరు, బీడీలు చేస్తుంది, నెలసరి గాడి తప్పిందని సిరిసిల్లలోనే ఒక లేడీ డాక్టరుకు చూపించుకుంటోంది.

ఆయన డాక్టరు చీటీలో మూడు పరీక్షలున్నాయి. షుగరు, థైరాయిడ్, టెస్టోస్టిరాన్. వయసు మీద పడేకొద్దీ మగవాళ్లలో మెల్లగా తగ్గే హార్మోన్ అది. చీటీ నా చేతికిచ్చి, హాల్లోకి ఒకసారి తొంగిచూసి, తలుపు దగ్గరగా వేశాడు.

"సారూ, గీ మూడోదాని పేరు కాగితం మీద గిట్లనే అస్తదా?"

"వస్తది. ఎందుకు?"

"గా ట్రేల ఏస్తరు గదా. మా కార్ఖానోల్లు రోజు ఇద్దరు ముగ్గురన్న అస్తరు ఈడికి. నా పేరు పక్కన గిది సూసిన్రనుకో, మగ్గాల సాంచెలు బందుపెట్టి మరీ నవ్వుతరు. నేనింక గా కార్ఖానల తలెత్తుకోను."

"నవ్వేదేముంది తమ్మీ ఇందులో?"

"నీకేంది సార్, నువ్వు సూదులు గుచ్చేటోనివి." జుట్టులోని నూలు దులుపుకున్నాడు. "ఏడాది సంది పానం మంచిగుంటలేదు. పోగు తెగితె కండ్ల ముంగటనే ఉన్నా సోయి ఉంటలేదు. ఊకె కోపమస్తది. ఇంటికి పోతె ఎవ్వలతోని మాట్లాడబుద్ది కాదు. మా ఇంటామెతోని గూడ…" అక్కడ ఆగిపోయాడు. మళ్లీ అన్నాడు, "మొన్న మా ఇంటామె ఇచ్చింది గదా రక్తం. గీ మూడోది ఆమె పేరు మీద రాయి సార్. ఆడామె పేరుంటె ఎవ్వడు సూడడు. నంబరు నువ్వు నాకు సెప్పు, సాలు."

నేను కాదనాలి. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు ఎవడైనా కాదంటాడు. కానీ ఆయన చెప్పిన లక్షణాలు వింటుంటే నా జాతకం నాకే చదివి వినిపిస్తున్నట్టుంది. అన్నం తినగానే కునుకు, చిన్నదానికీ పెద్దదానికీ ఇంట్లో కస్సుమనడం, పండగ వచ్చినా పబ్బం వచ్చినా ఒకటే నిరుత్సాహం. అవన్నీ నాకూ ఉన్నాయి. నేను మాత్రం ఎవరికి చెప్పుకున్నాను? రోజూ పదిమంది రక్తం తీసే వాణ్ని, నా రక్తం నేనెప్పుడూ చూసుకోలేదు. ఆయన సిగ్గు నాకు తెలిసిన సిగ్గే. అందుకే జాలిపడ్డాను. ఈ పనిలో జాలికీ ఒక పద్ధతి ఉండాలని అప్పటికి తెలియదు.

కౌంటరులో ఉండే ఆమె ఉర్దూ మాట్లాడే ఇంటి కోడలు, తెలుగు నాకంటే శుభ్రంగా మాట్లాడుతుంది, ఎంట్రీలో ఒక్క అక్షరం తప్పు పోనివ్వదు. ఆమెతో, మొన్నటి తంగళ్ళపల్లి అమ్మ పేరు మీద ఇంకో పరీక్ష ఎక్కించమన్నాను.

"అమ్మ ఏది సార్? కనపడలే."

"రక్తం తీసిన. నువ్వు రాయి."

రాసింది. పేరు ఆమెది, వయసు ఆమెది, ఆడ అని కూడా కంప్యూటర్ తనంతట తనే నింపుకుంది. నేను పంపింది మాత్రం ఆయన రక్తం. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి కోరుట్ల పోయాను. మా చెల్లెలి మనవడి పుట్టువెంట్రుకలు. గురువారం అందరం ధర్మపురి వెళ్లి గోదావరిలో స్నానాలు చేసి వాడికి గుండు కొట్టించాం. శుక్రవారం కోరుట్లలో విందు. తిన్నాను, నిద్రపోయాను, పేకాడాను. తంగళ్ళపల్లి ఆయన సంగతి ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

శనివారం పొద్దున బస్సు దిగి నేరుగా ల్యాబుకు పోయాను. సంచీ కింద పెట్టకముందే కౌంటరు ఆమె చెప్పింది.

"సార్, పాపం గా తంగళ్ళపల్లి అమ్మకు పెద్ద కష్టమే అచ్చింది. మొన్నచ్చిన హార్మోన్ రిపోర్టుల ఎర్ర గీత పడ్డది. ఉండాల్సినదానికంటె ఎన్నో రెట్లు ఎక్కువ చూపిచ్చింది. నేనే ఫోన్ చేసి, జల్ది మీ డాక్టరమ్మకు చూపియ్యుమని చెప్పిన. నిన్న స్కానింగ్ గూడ తీసిన్రట. అండాశయంల గడ్డ ఉన్నట్టుందని కరీంనగర్ పంపిస్తున్నరు. ఆపరేషన్ పడుతదట. ఇయ్యాల పొద్దటి బస్సుకే పోతున్నరు."

సంగతి మీకిప్పటికే అర్థమై ఉంటుంది. ఆ హార్మోన్ ఆడవాళ్లలోనూ ఉంటుంది, కానీ చాలా కొంచెం. మగవాడికి తక్కువ అనిపించే అంకె ఆడమనిషికి వేస్తే ఆకాశాన్నంటుతుంది. ఒక ఆడమనిషి ఒంట్లో అంత హార్మోన్ కనబడితే ఎక్కడో గడ్డ ఉందేమోనని ఏ డాక్టరైనా అనుమానిస్తుంది. దానికి తోడు స్కానింగ్‌లో ఆమెకు చిన్న నీటిబుడగ ఒకటి కనబడింది. ఆ వయసులో చాలామందికి కనబడేదే. ఈ కాగితం పక్కన పెట్టి చూస్తే అదే పెద్ద రోగమైపోయింది. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఆయన సిగ్గు పోయి ఆమె కడుపు మీద పడింది. మధ్యలో ఉన్నది నేను.

వాళ్లకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. బస్టాండుకు పరుగెత్తాను. యాభై ఆరేళ్ల వాడి పరుగు ఎలా ఉంటుందో ఊహించుకోండి. దారిలో ఇద్దరు ఆపి ఏమైందని అడిగారు కూడా.

కరీంనగర్ బస్సు ఇంకా కదల్లేదు. కండక్టరు కింద నిలబడి కేకేస్తున్నాడు. ఆమె ఒక సంచీ పట్టుకుని స్తంభానికి ఆనుకుని ఉంది, ఆయన కొంచెం దూరంలో నీళ్ల సీసా కొంటున్నాడు. నేను ఆయన్ని పక్కకు లాగాను.

"తమ్మీ, ఆ రిపోర్టు నీది. ఆమెది కాదు."

ఆయన నా మొహం వంక అలాగే చూశాడు. "నాదెట్లయితది సార్? గది ఎక్కువున్నదన్నరు. నాదైతె తక్కువుండాలె గదా! తక్కువున్నదనే గదా నేను పరీక్ష చేపిచ్చుకున్నది. గందుకే గిది ఆమెదే అనుకున్న, మొన్న ఇచ్చిన రక్తందే అనుకున్న."

ఆయన దాచలేదు. ఆయనకు నిజంగానే తోచలేదు. నేను మగ లెక్క, ఆడ లెక్క రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన మొహం ముందు తేలికపడింది, వెంటనే నల్లబడింది. భార్య వైపు చూశాడు, బస్సు వైపు చూశాడు, గొంతు తగ్గించాడు.

"సారూ, ఒక్క మాట. కరీంనగర్ల మల్ల రక్తం తీస్తరు గదా. గప్పుడు ఆమెకు ఏం లేదని ఆల్లే చెప్తరు గదా. గిప్పుడు మనం చెప్పకున్నా…"

మీకు నిజం చెప్తాను. ఆ మాట నాకూ ఇష్టంగానే వినబడింది. వాళ్లు మళ్లీ పరీక్ష చేస్తారు, అంతా బాగుందంటారు, ఏదో ల్యాబు పొరపాటని పోతుంది. ఆయన పరువూ దక్కుతుంది, నా ఉద్యోగమూ దక్కుతుంది. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరం ఆ స్తంభం చాటున నిలబడ్డాం. ఒక నిమిషం పాటు నేను ఔననబోయాను కూడా. ఆ నిమిషం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

మేం గుసగుసలాడటం ఆమె చూసింది. సంచీ ఎత్తుకుని మా దగ్గరికే వచ్చింది.

"ఏంది సారూ? పెద్ద రోగమే ఉంటె నాకే చెప్పుర్రి. గీయినకు చెప్తె ఏం లాభం? ఆర్నెల్ల సంది నాతోని సక్కగ రెండు ముచ్చట్లు పెట్టింది లేదు. నేనన్నిటికి సిద్దపడే అచ్చిన. మా తోటికోడలికి ఇంటి తాళం ఇచ్చిన. నాకేమన్న అయితె నా పట్టుచీర నా బిడ్డకు పెట్టుమని గూడ చెప్పిన."

పట్టుచీర మాట వినగానే నాకు ఇంకేం ఆలోచించే పని లేకుండా పోయింది.

"చెల్లే, తప్పు నాది. నీకే రోగం లేదు. ఆ కాగితంలో ఉన్న రక్తం నీది కాదు."

"మరెవలది?"

అది నేను చెప్పాల్సిన మాట కాదు. నేను ఆయన వైపు చూశాను. ఆయన బస్సు వైపు చూస్తున్నాడు. కండక్టరు చివరి కేక వేసి బస్సెక్కాడు.

"నాది," అన్నాడు ఆయన. ఆ తర్వాత గబగబా, మళ్లీ ధైర్యం పోతుందేమో అన్నట్టు చెప్పేశాడు. "మగోల్లకు వయసు మీద పడితె తగ్గేదేదో ఉంటదట. గా పరీక్ష నేనే ఇచ్చిన. కార్ఖానల నవ్వుతరని నీ పేరు రాయుమన్న. సారు వద్దన్నడు, నేనే బతిమిలాడిన."

నేను వద్దనలేదు. అంత కష్టంలోనూ నన్ను కాపాడాలని ఆయన అబద్ధమాడాడు. నేను అది సరిదిద్దాను.

ఆమె సంచీ కింద పెట్టి, దాని మీదే కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బస్సు వెళ్లిపోయింది. మా చుట్టూ నలుగురు నిలబడి చూస్తున్నారు, మేం వాళ్లను పొమ్మని కూడా అనలేదు. ఏడుపు ఆగాక తలెత్తి మొగుణ్ని చూసింది.

"నాకు ముట్లు ఆగుతున్నయని, రాత్రి ఒళ్లంత మంటలేస్తున్నదని నీకు చెప్పిన గదా? నువ్వు నవ్వినవా?"

"లేదు."

"లేచి నాకు నీళ్లిచ్చినవ్. డాక్టరమ్మ కాడికి పొమ్మన్నవ్. మరి నీది నాకు చెప్తె నేను నవ్వుదునా? నీకు నా మీద మనసిరిగిందనుకున్న. బయట ఎవతెనన్న ఉన్నదా అని మా తోటికోడలిని గూడ అడిగిన. మాకు ఆగినట్టే మీకు తగ్గుతది, గంతే గదా! గీనికింత దాచుడా?"

ఆయన వచ్చి, ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. యాభై ఏళ్ల మగవాడు అలా బస్టాండులో భార్య పక్కన నేల మీద కూర్చోవడం నేనైతే ఎన్నడూ చూడలేదు. ఆమె చివరికి నా మీదికి తిరిగింది.

"మరి నువ్వేంది సారూ, చదువుకున్నోనివి! ఆయిన చెప్తె రాస్తవా? రేపు ఎద్దు పేరు రాయుమంటె రాస్తవా?"

ఆ తిట్టు నాకు చల్లగా తగిలింది. ముగ్గురం అక్కడి నుంచి నడుచుకుంటూ లేడీ డాక్టరు దగ్గరికి పోయాం. ఆమె మొత్తం విని, పెన్ను బల్ల మీద విసిరికొట్టింది. "ఎంత పని చేశారండీ! ఇంకో వారం పోతే ఈమె కడుపు కోసి ఉండేవాళ్లు" అంది. కాస్త ఊపిరి తీసుకున్నాక, "నేనూ కాగితమే చూశాను. ఈమెను ఇంకొంచెం చూడాల్సింది" అని తన వంతు కూడా ఒప్పుకుంది. ఆ మాటతో ఆమె మీద నాకు గౌరవం పెరిగింది. తప్పు ఒప్పుకోవడం పెద్ద చదువులు చదివినవాళ్లకు మరీ కష్టం.

ల్యాబు ఓనరుకు కూడా నేనే చెప్పాను. ఆయన నన్ను తీసెయ్యలేదు కానీ, రెండు గంటలు నిలబెట్టి తిట్టాడు. అంతకంటే కౌంటరు ఆమె రెండు రోజులు మాట్లాడకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మూడో రోజు తనే అంది, "నాతోని నిజం చెప్తె నేను ఊరంత చాటుదునా సార్? మా అబ్బా, మా నాయన గూడ ఏడాది సంది గిట్లనే అందరి మీద గరమైతుండు. నాకు తెల్వదా?" ఆమెను లోపలికి పిలిచి, క్షమించమ్మా అన్నాను. నా ఉద్యోగంలో నేను క్షమాపణ చెప్పుకున్న మొదటి మనిషి ఆమె. ఆ వారమే రిపోర్టులన్నీ కవర్లలో పెట్టి, అంటించి, చేతికే ఇవ్వడం మొదలుపెట్టాం. ట్రే పోయింది.

తర్వాత ఏమైందో కూడా చెప్పేస్తాను, లేకపోతే మీ మనసు దాని మీదే ఉంటుంది. ఆమె నీటిబుడగ కొన్ని నెలలకు దానంతట అదే కరిగిపోయింది. ఆయన సంగతి కొంచెం వేరు. అంకె మగ లెక్కలో చూసినా తక్కువే వచ్చింది. కానీ రాత్రంతా మగ్గాల దగ్గర నిలబడి, కన్ను మూయకుండా వచ్చి ఇచ్చిన రక్తం అది. అసలు ఈ పరీక్ష కడుపునిండా నిద్రపోయి లేచిన పొద్దున చెయ్యాలి, తక్కువ వస్తే ఇంకో రోజు మళ్లీ చేసి చూడాలి. నేను ఆ మాట కూడా ఆయనకు చెప్పలేదు, ఎందుకంటే నా ధ్యాసంతా పేరు దాచడం మీదే ఉంది. రెండోసారి అంకె మరీ కిందికి పోలేదు, హద్దుకు కొంచెం పైనే నిలబడింది. సూదులూ మందులూ ఏమీ అక్కర్లేదన్నాడు డాక్టరు. అసలు దొంగ షుగరు. అది బాగా పెరిగి ఉంది, నిద్ర చెడి ఉంది, పొట్ట వచ్చి ఉంది. షుగరుకు మాత్రలు వేసుకున్నాడు, సేటును అడిగి పగటి షిఫ్టుకు మారాడు, సాయంత్రం ఇద్దరూ మానేరు వంతెన దాకా నడిచేవాళ్లు. ఆరేడు నెలలకు మనిషి మారాడు. మళ్లీ ఇరవై ఏళ్లవాడు అయ్యాడని చెప్పను. యాభై రెండేళ్ల మంచి మనిషి అయ్యాడు. వయసు తీసుకుపోయేది కొంత తీసుకుపోతుంది. మిగిలింది మనం పోగొట్టుకోకపోతే చాలు.

నేను కూడా ఆ నెలలోనే నా రక్తం తీయించుకున్నాను, నా పేరు మీదే. నాకు థైరాయిడ్ బయటపడింది. ఇంట్లో చెప్తే మా ఆవిడ, "ఇన్నాళ్లు నీ గుణమే గంత అనుకున్న" అంది.

అయితే నాకు ఎక్కువ గుర్తున్నది ఆ రెండో పరీక్ష రోజే. ఆయన పగటి షిఫ్టు వారంలో, రాత్రి నిద్రపోయి, పొద్దున్నే వచ్చాడు. ఈసారి భార్య కూడా వచ్చింది. హాలు నిండా జనం. బెంచీల మీద కనీసం నలుగురు మగ్గాల వాళ్లు, ఆయనకు తెలిసినవాళ్లే. కౌంటరు ఆమె చాలా నెమ్మదిగా, ఎవరికీ వినబడకుండా, "పేరు?" అని అడిగింది.

ఆయన ముందు బెంచీల మీది మగ్గాల వాళ్ల వైపు చూశాడు. అప్పుడు ఆయన భార్య ముందుకొచ్చింది. మా పక్క ఆ వయసు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. పిల్లల పేరు చెప్పి ఫలానా వాళ్ల నాయన అంటారు, లేకపోతే పక్కనున్నవాళ్లతో చెప్పిస్తారు. ఆమె ఇంటిపేరుతో సహా మొగుడి పేరు హాలంతా వినబడేలా చెప్పింది.

"మగోల్ల హార్మోన్ పరీక్ష. గాయిన రక్తం, గాయిన పేరు. మంచిగ రాయి బిడ్డా."

మగ్గాల వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను తలుపు దగ్గర చేతిలో సూదితో బిగుసుకుపోయి నిలబడ్డాను. ఎవడైనా ఒక్కడు కిసుక్కుమంటే ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోతాడని నా భయం. మూలనున్న ఒక ముసలాయన మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"ఏందమ్మా గా పరీక్ష? నాకూ రెండేండ్ల సంది నిద్ర లేదు, దేని మీద మనసు పోతలేదు. కోడలు దగ్గరికొస్తె కోపం, కొడుకు దగ్గరికొస్తె కోపం. గది నాక్కూడ చేస్తరా?"

"చేస్తరు కాకా," అంది ఆమె. "ముందుగాల డాక్టరుతోని చీటి రాపిచ్చుకో. కని నీ పేరు మీదనే ఇయ్యి. మా చిన్నమ్మ పేరు మీద ఇయ్యకు, ఆమె కడుపు కోస్తరు!"

హాలంతా ఒక్కసారి నవ్వింది. ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వుతోనే లోపలికి వచ్చి, చొక్కా చెయ్యి పైకి మడిచి, నా ముందు కూర్చున్నాడు. నేను తలుపు వేయబోతే, "ఉండనీ సార్" అన్నాడు.